ఒండ్రు లేని చోటే పగడం

శ్రావణ భాద్రపదాల్లో గోదావరికి వరద వచ్చినప్పుడు అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూస్తే రెండు నీళ్లు రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఇటు వశిష్ఠ తెచ్చిన ఎర్రనీరు, అటు సముద్రపు నీరు, రెంటికీ మధ్య నురగ కట్టిన గీత, ఆ గీత వెంట కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, పుల్లాపుడకా. ఆ ఎర్రనీటిని ఒక గ్లాసులో పట్టి కదపకుండా ఉంచితే కొంతసేపటికి పైన నీరు తేరుకుని, అడుగున వేళ్ల మధ్య జారిపోయేంత మెత్తని మట్టి పేరుకుంటుంది. డెల్టా రైతు తరతరాలుగా నమ్ముకున్న ఒండ్రు అదే. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలిన నది వేల ఏళ్లుగా ఆ మట్టిని తెచ్చి పోస్తూ ఉండడం వల్లనే కోనసీమ అనే నేల ఉంది. ఈ తీరానికి ఎదురుగా సముద్రంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం కూడా ఆ మట్టే.

పగడపు దిబ్బను కంటితో చూడాలంటే ఇక్కడివారు అండమాన్, లక్షద్వీప్ వంటి చోట్లకు వెళ్లాలి. విశాఖ దగ్గర ఋషికొండలో స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగడం, చేయిస్తున్నారు గాని, అక్కడ ప్రధానంగా కనిపించేది రాతి అడుగు, దాన్ని ఆశ్రయించుకున్న జీవాలు. అందుకే అమలాపురం, కాకినాడ, భీమవరాల నుంచి ఈ కోరికతో బయల్దేరేవారి చూపు ముందుగా అండమాన్ మీద పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మందికి మాతృభాష తెలుగు కాబట్టి, రేవులోనో పడవలోనో మన మాట చెవిన పడడం మామూలే. నీళ్ల మధ్య పుట్టి పెరిగినవారికి డైవింగ్ ఏమంత కష్టమన్న ధీమా కూడా సహజమే. కానీ గోదావరి నేర్పిన నీటి విద్యలో రెండు పాఠాలను అక్కడ మరిచిపోవాల్సి ఉంటుంది. ఒకటి మట్టి గురించినది, రెండోది ఊపిరి గురించినది. ఈ రెండూ సరిగా తెలిస్తే పగడపు దిబ్బ ఎలా బతుకుతుందో, దాని పక్కకు వెళ్లిన మనిషి ఎలా మెలగాలో కూడా తెలిసినట్టే.

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది మంగళసూత్రంలో నల్లపూసల పక్కన గుచ్చుకునే ఎర్రపూస. అది వేరు. ఆభరణాలకు వాడే ఎర్రపగడం వెలుతురు తగ్గిన లోతుల్లో మెల్లగా పెరిగే జీవిది. దిబ్బలు కట్టేది అది కాదు. దిబ్బలు కట్టే పగడం కూడా జంతువే. చాలా జాతుల్లో ఒక్కో జీవి కొన్ని మిల్లీమీటర్ల గిన్నెలా ఉంటుంది. గిన్నె అంచు చుట్టూ సన్నని మీసాల్లాంటి చేతులు, మధ్యలో నోరు. దీన్నే పాలిప్ అంటారు. వేల పాలిప్‌లు ఒకదానికొకటి అతుక్కుని, సముద్రపు నీటిలోని సున్నాన్ని పీల్చుకుని, తమ కింద గట్టి అస్థిపంజరాన్ని పోసుకుంటూ పోతాయి. గుల్లల్లో, ఆలిచిప్పల్లో ఉండే పదార్థమే అది. కాల్చితే తమలపాకుకు రాసుకునే సున్నమవుతుంది. బండలా గుండ్రంగా పెరిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరిగితే, కొమ్మలు వేసే జాతులు పది సెంటీమీటర్ల దాకా పెరగగలవు. అంటే డైవర్ కాలు తగిలి విరిగిన జానెడు కొమ్మ రెండు మూడేళ్ల పని. బల్లంత బండ ఒక మనిషి జీవితకాలం.

ఇంత కట్టడానికి కావాల్సిన తిండి పాలిప్‌కు ఎక్కడిది? రాత్రివేళ అది చేతులు చాచి నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టుకుంటుంది గాని, అది చాలదు. దాని కండలోనే కాపురముండే శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు, పగలంతా సూర్యరశ్మితో తిండి వండి అందులో సింహభాగాన్ని పాలిప్‌కు ఇస్తాయి. పాలిప్ అవసరంలో 90 శాతం దాకా ఇలాగే తీరుతుంది. బదులుగా అది తన విసర్జకాలను ఆ నాచుకు ఎరువుగా ఇస్తుంది. పెరట్లో పాడి ఉన్న ఇంట్లో గడ్డి గొడ్డుకు, పేడ గత్తానికి, గత్తం చేనుకు పోయి ఏదీ వృథా కానట్టే, ఇక్కడా ఒకరి వదిలివేత మరొకరి ఆహారం. పగడానికి వెలుగు ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే అర్థమవుతుంది. దిబ్బలు కట్టే జాతుల్లో అత్యధికం పై యాభై మీటర్ల లోతులోనే ఉండడానికీ, నీరు తేటగా లేని చోట అవి తగ్గిపోవడానికీ కారణం ఇదే.

గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీది వాననీటిని మోసుకొస్తుంది. ఏడాది మొత్తంలో తెచ్చే మట్టిలో చాలా భాగం వానాకాలపు నాలుగు నెలల్లోనే సముద్రంలో పడుతుంది. ఆ రోజుల్లో నది సముద్రంలో కలిసే మొగల దగ్గర నీటిలోకి చేయి పెడితే మోచేయి కనిపించదు. అడుగున ఉన్న జీవికి పగలే చీకటి. మట్టి కణాలు వెలుగును ఆపడంతో ఊరుకోవు, పాలిప్ నోటి మీద వచ్చి పడతాయి. దాన్ని తుడుచుకోవడానికి అది జిగురు స్రవించి, ఆ జిగురుతో పాటు మట్టిని తోసేస్తుంది. కాస్త మట్టి అయితే తోసేయగలదు. రోజుల తరబడి పడుతూనే ఉంటే ఉన్న శక్తి అంతా శుభ్రం చేసుకోవడానికే ఖర్చయి, చివరికి ఊపిరాడక చనిపోతుంది. దానికి తోడు వరదనీరు తీపినీరు. సముద్రపు ఉప్పదనం బాగా పడిపోతే పగడం కండ తట్టుకోలేదు.

ఈ మధ్య దశాబ్దాల్లో ఎగువ ఆనకట్టల వెనక మట్టి ఆగిపోయి డెల్టాకు వచ్చే ఒండ్రు తగ్గిందన్నది అందరికీ తెలిసిన మాటే. తీరం కోతకు అదొక కారణమని చెబుతారు. మరి మట్టి తగ్గితే పగడం వస్తుందా అంటే రాదు. పగడపు పిల్లజీవి కొన్ని రోజులు నీటిలో తేలి, కాలూనడానికి గట్టి చోటు వెతుక్కుంటుంది. రాయి కావాలి, లేదా పాత పగడం కావాలి. మొగల ముందు మైళ్ల కొద్దీ పరుచుకున్న బురద మీద అది నిలవలేదు. ఒండ్రు తగ్గడం వల్ల ఇక్కడ నేల పోతుందే తప్ప దిబ్బ పుట్టదు.

కోనసీమవాసికి ద్వీపమంటే లంక. వరద నెమ్మదించిన చోట నది మట్టిని దింపుతుంది, దాని మీద రెల్లు మొలుస్తుంది, రెల్లు మరికొంత మట్టిని పట్టి ఉంచుతుంది, కొన్నేళ్లకు అక్కడ కూరగాయలు పండుతాయి. కాకినాడకు ఎదురుగా దాదాపు 16 కిలోమీటర్లు సాగిన హోప్ ఐలాండ్ కూడా గౌతమి తెచ్చిన ఇసుకను కెరటాలు ఉత్తరంగా నెట్టుకుపోయి పేర్చిన తిన్నే. గత రెండు శతాబ్దాల్లో పెరిగినదే. ఉష్ణమండలపు చిన్న దీవి అన్న మాటకు అది అక్షరాలా సరిపోతుంది. కానీ దాని చుట్టూ మునిగి చూసేందుకు ఏమీ కనిపించదు, ఎందుకంటే దాన్ని కట్టిన నదే నీటిని మసకబరుస్తోంది. దాని గొప్పదనం వేరే చోట ఉంది: తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో, వెనక కోరింగ మడ అడవుల్లో.

లక్షద్వీప్‌లో దీవి కట్టిన తీరు పూర్తిగా వేరు. అక్కడి 36 దీవుల నేల అంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. ఆ నేలలో నది తెచ్చిన మట్టి పిడికెడు కూడా లేదు. సముద్రంలో మునిగిపోతున్న పాత కొండల శిఖరాల చుట్టూ పగడం పైకి పెరుగుతూ వచ్చి, కొండ పూర్తిగా మునిగాక ఉంగరంలా మిగిలిందే అటాల్. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1842లో ఊహించి రాశాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనెవెటాక్ దీవిలో లోతుగా రంధ్రం వేసినప్పుడు, 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాకే అగ్నిపర్వతపు రాయి తగిలింది. మన కాళ్ల కింద సంగతి కూడా ఒక రకంగా అలాంటిదే. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ కోసం తవ్వే బావులు కిలోమీటర్ల మందాన పేరుకున్న మట్టి పొరల్లోంచి దిగుతాయి. రెండు చోట్లా అడుగు కుంగుతూ ఉంటే పైన కొత్త పొర చేరుతూ వచ్చింది. ఇక్కడ చేర్చింది నది, అక్కడ చేర్చింది ప్రాణి.

అండమాన్ దీవులు ఈ రెంటికీ భిన్నమైనవి. అవి బర్మా కొండల వరసకు సముద్రంలో కొనసాగింపు. పగడం వాటి ఒడ్డును అంటుకుని అంచులా పెరిగింది. అక్కడా వానలు ఎక్కువే, కొండలూ ఉన్నాయి. కానీ గోదావరి వంటి పెద్ద నది లేదు, చిన్న వాగులు తెచ్చే మట్టిలో చాలా వరకు ఒడ్డున ఉన్న మడ అడవి వేళ్ల మధ్యనే ఆగిపోతుంది. కోరింగలో మడ అడవి పని తుఫాను నుంచి ఊళ్లను కాయడమని అందరికీ తెలుసు. అండమాన్‌లో అదే చెట్టు వెనక్కి తిరిగి సముద్రాన్ని కూడా కాస్తోంది. అక్కడ మడను కొట్టేస్తే ముందుగా దెబ్బతినేది దాని ముందున్న దిబ్బ.

ఇక రెండో పాఠం, ఊపిరి. లాకుల మీద నుంచి కాలువలోకి దూకే పిల్లాడు మొదట నేర్చుకునేది గుండె నిండా గాలి పీల్చి బిగపట్టడం. ఎంతసేపు బిగపడితే అంత ఈతగాడు. స్కూబాలో చేయకూడని పనుల్లో మొదటిది సరిగ్గా అదే. కారణం తేలిక. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. కాలువలో మునిగినవాడి ఊపిరితిత్తుల్లో ఉన్నది ఒడ్డున పీల్చిన గాలి. అది లోతుకు వెళ్లి కుదించుకుని, పైకి వచ్చేసరికి తన పాత పరిమాణానికే వస్తుంది. స్కూబా డైవర్ మాత్రం లోతులోనే, ఆ లోతు ఒత్తిడితోనే గాలి పీలుస్తాడు. జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ 1943లో రూపొందించిన పరికరం సాధించిన విషయం ఇదే: సిలిండర్‌లోని గాలిని, ఉన్న లోతుకు తగిన ఒత్తిడితో, అడిగినప్పుడల్లా నోటికి అందించడం. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చిన ఆరు లీటర్ల గాలిని బిగపట్టి పైకి వస్తే, నీటి అంచుకు వచ్చేసరికి అది పన్నెండు లీటర్లు కావాలి. పట్టే చోటు లేదు, ఊపిరితిత్తి చిరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల లోతు నుంచి కూడా ఈ ప్రమాదం జరగవచ్చు కాబట్టి, లోతు తక్కువే కదా అన్న ధైర్యం పనికిరాదు. కంగారు పుట్టినప్పుడు శరీరం చిన్ననాటి అలవాటుకే పోతుంది. ఈత బాగా వచ్చినవారే ఊపిరి బిగపట్టి పైకి తన్నుకొచ్చే అవకాశం ఎక్కువ. దిగేముందు ఇన్‌స్ట్రక్టర్ పదేపదే చెప్పే మాట, ఆగకుండా ఊపిరి తీస్తూ వదులుతూ ఉండమని, లాంఛనం కాదు.

గాలి లెక్క కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ (ఒక బార్ దాదాపు ఒక వాతావరణ పీడనం) ఒత్తిడికి నింపితే అందులో ఒడ్డు లెక్కన 2,400 లీటర్ల గాలి ఉంటుంది. 50 బార్ అత్యవసరానికి వదిలేస్తే మిగిలేది 1,800 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది గంటన్నర వస్తుంది, పది మీటర్ల దగ్గర 45 నిమిషాలు, ఇరవై మీటర్ల దగ్గర అరగంట. భయపడి ఆయాసపడేవారికి అందులో సగమే.

చెవుల సంగతి దిగిన రెండు మూడు మీటర్లకే తెలుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలిని చెవుల వైపు నెట్టి ఒత్తిడిని సరిచేసుకోవాలి. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే. పడిశం పట్టి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి ఆ రోజు దిగకూడదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా దిగకూడదు. పడవలో ఇచ్చే ఆరోగ్య పత్రంలో చదవకుండా అన్నింటికీ లేదు అని గీసేయడం తన ప్రాణం మీదికి తానే తెచ్చుకోవడం. సైగల్లో కూడా ఒక చిక్కు ఉంది. మనం బాగుంది అనడానికి బొటనవేలు పైకెత్తుతాం. నీటి కింద ఆ సైగకు అర్థం పైకి వెళ్దామని. బాగానే ఉన్నానని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

లోతున పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒత్తిడి వల్ల రక్తంలోకి, కండలోకి కరుగుతుంది. గోళీ సోడా బుడ్డిలో గ్యాస్ కరిగి ఉన్నంతసేపు ఏమీ కనిపించదు, గోళీని నొక్కి ఒత్తిడి వదిలిన క్షణంలో బుడగలు లేస్తాయి. డైవర్ త్వరగా పైకి వస్తే ఒంట్లో జరిగేది కూడా అదే. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. సెలవు దినాలు లెక్కపెట్టుకుని వెళ్లేవారు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది విమానం. పైన కేబిన్‌లో ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలన్నది అంగీకరించిన పద్ధతి. పొద్దున డైవింగ్, మధ్యాహ్నం విశాఖ విమానం అని టికెట్లు తీసుకోవడం ఖర్చు మిగిల్చే తెలివి కాదు.

శిక్షణ లేనివారిని తొలి పరిచయంగా దింపేటప్పుడు 12 మీటర్లు హద్దు. మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసినవారికి 18 మీటర్లు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కనిపించే లైట్‌హౌస్ ఉన్న నార్త్ బే దగ్గర, 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్ దగ్గర ఎక్కువమంది చేసేది మొదటి రకమే. చూడదగ్గదాంట్లో చాలా భాగం ఆ 12 మీటర్లలోనే ఉంది. ఇంకా లోతుకు పోతే రంగులే తగ్గుతాయి. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. పది మీటర్ల దగ్గర వేలు తెగితే కారే నెత్తురు నల్లపచ్చగా కనిపిస్తుంది. టార్చి వేస్తే గాని బూడిద రంగు బండ నిజానికి కుంకుమ రంగుదని తెలియదు.

అక్కడ ఒక్క బండ ముందు ఐదు నిమిషాలు కదలకుండా ఆగడం దిబ్బంతా చుట్టి రావడం కన్నా మేలు. మొదట రాయి కనిపిస్తుంది. కాసేపటికి రాయి మీద చుక్కలు చుక్కలుగా ఉన్నవి నోళ్లని తెలుస్తుంది. పక్కన పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే జీవి చేతుల మధ్య క్లౌన్ ఫిష్ జంట, వాటిలో పెద్దది ఆడది. అది చనిపోతే మగది ఆడదిగా మారి ఆ స్థానం తీసుకుంటుంది. ఒక మూల పెద్ద చేప నోరు తెరిచి నిలబడితే వేలెడు నీలిచేప ఒకటి ఆ నోట్లో దూరి పళ్ల సందులు శుభ్రం చేసి వస్తుంది, పెద్దది మింగదు. చిలక ముక్కు లాంటి మూతి ఉన్న పారట్ ఫిష్ బండను కొరికే చప్పుడు పటపటమని వినిపిస్తుంది. అది మింగిన పగడం వెనక నుంచి తెల్లని ఇసుకగా రాలుతుంది. పగడపు దీవుల తెల్లని తీరాల్లో కొంత భాగం ఆ చేపల కడుపులోంచి వచ్చిందే. గోదావరి ఇసుక కొండల నుంచి వస్తే, ఆ ఇసుక ప్రాణుల నుంచి వచ్చింది.

అక్కడే మట్టి పాఠం మళ్లీ ఎదురవుతుంది. నడుముకు కట్టిన బరువులు ఎక్కువై, తేలడానికి వేసుకున్న జాకెట్‌లో గాలి సరిపడక అడుగుకు దిగిపోయినవారు కాళ్లకు తొడిగిన తెడ్ల వంటి ఫిన్స్‌తో తన్నుకుంటారు. ఒక్కో తన్నుకు ఇసుక మబ్బులా లేచి పక్కనున్న పగడం మీద పడుతుంది. అదొక చిన్న వరద. ఒక్క మనిషి లేపినదాన్ని పగడం తుడుచుకోగలదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే చోట పడవలు దింపే మనుషులందరూ లేపినదాన్ని తుడుచుకోలేదు. కాబట్టి నీటి మధ్యలో పైకీ కిందికీ పోకుండా తేలి ఉండడం నేర్చుకోవడాన్ని డైవర్ సౌకర్యంగా చూడడం సరికాదు, దిబ్బ బతకడానికి అది అవసరం. ఫొటో కోసం పర్యాటకుడిని పగడం పట్టుకుని నిలబడమనే నిర్వాహకుడి దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కను సంచిలో వేసుకున్నా నేరమే.

మనిషి కాలు కన్నా పెద్ద ముప్పు నీటి వేడి. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి నాలుగు వారాలు నిలిస్తే చాలు, పాలిప్‌కూ దానిలోని నాచుకూ పొత్తు చెడుతుంది. పాలిప్ నాచును బయటికి తోసేస్తుంది. రంగులో చాలా భాగం నాచుదే కాబట్టి కింది అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. 1998లో లక్షద్వీప్ దిబ్బలు ఇలా తీవ్రంగా దెబ్బతిన్నాయి, 2010లో అండమాన్‌లో జరిగింది. ప్రపంచమంతటా నాలుగోసారి ఇది జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. భూమి సగటు వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం తగ్గిపోతాయని, రెండు డిగ్రీలైతే దాదాపు ఏమీ మిగలవని అంతర్జాతీయ వాతావరణ మార్పు సంఘం 2018లో చెప్పింది. ప్రకృతి కొట్టిన దెబ్బలు కూడా ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, అంతవరకు నీటిలో ఉన్న దిబ్బలు ఎండకు బయటపడి చనిపోయాయి.

వేసవి చివర, ఏప్రిల్, మే నెలల్లో దిగేవారికి తెల్లబడిన కొమ్మలు కనిపించే అవకాశం ఎక్కువ. తెల్లగా ఉన్నంత మాత్రాన అది చచ్చినట్టు కాదు. దగ్గరగా, తాకకుండా చూస్తే తెలుపు మీద గాజులా పారదర్శకమైన కండ, అందులో పాలిప్‌ల గిన్నెలు కనిపిస్తే అది ఇంకా బతికే ఉంది; నీరు కొన్ని వారాల్లో చల్లబడితే నాచు తిరిగి చేరి రంగు వస్తుంది. తెలుపు మీద పచ్చని పాకుడు నాచు నూగులా పట్టి, గిన్నెల అంచులు అరిగి కనిపిస్తే ఆ కొమ్మ పోయినట్టే. ఆ ఎండాకాలంలో తెల్లగా ఉన్న కొమ్మ మీద ఇసుక పడకుండా పక్కకు తప్పుకోవడం డైవర్ చేయగల పని. ఆకలితో ఉన్న పాలిప్‌కు అప్పుడు మట్టిని తుడుచుకునే ఓపిక ఉండదు.